దూదికి చిక్కిన గాలం

జనవరి 6, మంగళవారం

కొత్త నోటుపుస్తకం. పాతది డిసెంబరు ముప్పై ఒకటిన చివరి పేజీ చివరి గీతతో ముగిసింది, ముగియవలసినట్టే.

లెటాకు పర్మిట్ వచ్చింది. డ్యామ్ కింద మూడు మైళ్ల నదిలో పట్టిన ప్రతి ట్రౌట్‌నూ తిరిగి నీళ్లలో వదలాలి. ఆ మూడు మైళ్లలో జనాన్ని పడవ ఎక్కించుకుని చేపలు పట్టించే గైడు పర్మిట్ అది. తొమ్మిదిమందికే ఇస్తారు. నాలుగేళ్లు దరఖాస్తు పెట్టి, ఇరవై ఆరో ఏట, నా మనవరాలు తొమ్మిదోది అయింది.

అక్కడి నియమం నాకు నచ్చింది. అందులో సందుల్లేవు. ఒక ఎరకు ఒకే గాలం. గాలానికి ఒకే మొన. మొన వెనక ఎదురుముల్లు ఉండకూడదు. ముల్లుంటే విడిపించేటప్పుడు చేప నోరు చీలిపోతుంది, వదిలినా బతకదు. గైడు పడవలో తప్పు గాలం దొరికితే గైడు పర్మిట్ పోతుంది. ఎవరు కట్టారని అడగరు.

లెటా దగ్గర క్రాంక్‌బైట్లు నలభై ఉన్నాయి. రెండంగుళాల బొమ్మచేపలు. మూతి కింద చిన్న పలక ఉంటుంది. దారం లాగితే తల ఊపుకుంటూ మునుగుతాయి. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఒక్కోదానికి రెండు గాలాలు, ఒక్కో గాలానికి మూడు మొనలు, ప్రతి మొనకూ ఒక ముల్లు. అంటే ఒక చేపలో ఆరు తప్పులు. నలభైకి రెండు వందల నలభై. ఫిబ్రవరిలో ట్రౌట్లు తినే షాడ్ చిన్నచేపలు సరస్సులోంచి దిగేలోగా దిద్దాలి. లెటా పన్నెండేళ్లకు నా దగ్గరికి వచ్చినప్పటినుంచీ నేనే దిద్దుతున్నాను.

పొట్ట కింది గాలం పూర్తిగా తీసేస్తాను. తోక గాలం తీసి ఒంటి మొనది పెడతాను. చదును మూతి పటకారుతో ముల్లు అణిచేస్తాను. తీసిన బరువు 1.2 గ్రాములు, పెట్టింది 0.4. తక్కువైన 0.8ని సీసపు రేకుగా కత్తిరించి పొట్టకు అంటిస్తాను. లేకపోతే బొమ్మ పక్కకు ఒరిగి ఈదుతుంది.

ఈరోజు ఐదు. ఖాతాలో ఎక్కించాను: నంబరు, తీసినది, పెట్టినది, సీసం, ముల్లు, తేలుడు, సంతకం.

ఈ ఏడాది గాలాలు మరీ సన్నంగా, మరీ నల్లగా చేస్తున్నారు.

జనవరి 9

బల్ల మీది బల్బు మార్చాను. కొత్తదీ పాతదానిలాగే వెలుగుతోంది.

జనవరి 14, బుధవారం

లెటా మధ్యాహ్నం వచ్చింది. బీన్సు, మొక్కజొన్న రొట్టె తిన్నాం. పన్నెండు చేపలు పెట్టెలో వరుసగా ఉండడం చూసి సంతోషించింది. తర్వాత జేబులోంచి దూది చుట్ట తీసి బల్ల మీద పెట్టింది. నది మీద తనిఖీ చేసే వార్డెన్లు అలాగే చూస్తారట. గాలాన్ని దూదిలోంచి లాగుతారు; పోగు పట్టుకుంటే ముల్లు ఉన్నట్టు. పెట్టెలో వేసే ముందు ప్రతిదాన్నీ ఒకసారి అలా లాగమంది.

"ముప్పై నాలుగేళ్లు జామెట్రీ చెప్పాను. ముల్లు ఉందో లేదో తెలుసుకోవడానికి నాకు దూది కావాలా?"

"నీకు అక్కర్లేదు అమ్మమ్మా. నాకు నిద్ర పట్టడానికి కావాలి."

"నిద్ర పట్టకపోతే పాలు తాగు."

నవ్వింది. దూది వదిలేసి వెళ్లింది. మందుల అరలో పెట్టాను.

జనవరి 18, ఆదివారం

నాలుగింటికి నోరీన్ ఫోన్. నా కూతురు వారం తప్పదు, నిమిషం తప్పదు. అది నా పెంపకమే. అక్టోబరులో నేను కారుతో పోస్టు డబ్బాను గుద్దిన సంగతి ఇంకా వదల్లేదు. అలాంటిది ఇంకొక్కటి జరిగితే కారు తాళాలు తీసుకుని, నన్ను నగరంలో తన ఇంటి కింది గదిలో పెడతానని మళ్లీ చెప్పింది. ఆ గదికి ఒకటే కిటికీ. అందులోంచి పక్కింటివాళ్ల కార్ల షెడ్డు కనిపిస్తుంది.

డబ్బా రోడ్డు మీదికి వచ్చేసి ఉందని నేనూ మళ్లీ చెప్పాను.

జనవరి 20

ఈ నోటుపుస్తకం అచ్చు బాగాలేదు. పేజీ మధ్యకు వచ్చేసరికి గీతలు కిందికి వంగుతున్నాయి. దుకాణానికి ఫోన్ చేశాను. ఇంకెవరూ చెప్పలేదండీ అంది ఆ అమ్మాయి. ఇంకెవరూ గమనించి ఉండరు.

జనవరి 23

కిటికీ చట్రం కూడా మధ్యలో వంగింది. ఇల్లు దిగుతోంది. డెబ్బై ఏళ్ల ఇల్లు మరి.

జనవరి 27, మంగళవారం

నలభై పూర్తయ్యాయి. అనుకున్న రోజుకు నాలుగు రోజుల ముందు. వాన పీపాలో ప్రతిదాన్నీ లాగి చూశాను. 23 ఎడమకు ఒరిగింది, సీసం 0.1 తగ్గించాక సరిపోయింది. లెటా పెట్టె తీసుకెళ్లింది. మూత వేసే ముందు దూది సంగతి అడిగింది. అన్నీ చూశానన్నాను.

ఫిబ్రవరి 4

మూడు రోజులుగా వాన. సరస్సు నిండి డ్యామ్ గేట్లన్నీ ఎత్తారు. కాజ్‌వే మునిగింది. ఇంటికి ఉన్న దారి అదొక్కటే. చర్చికి, దుకాణానికి, ఎక్కడికీ లేదు. పిండి ఉంది, బీన్సు ఉన్నాయి, మాత్రలు ముప్పై ఎనిమిది ఉన్నాయి.

చలికి చచ్చిన షాడ్ గేట్లలోంచి తెల్లగా కొట్టుకొస్తోందని లెటా ఫోన్ చేసింది. వాటికోసం ముసలి ట్రౌట్లన్నీ పైకి వచ్చాయట. రెండు వారాలకు సరిపడా జనం పేర్లు రాయించుకున్నారు. గొంతులో సంతోషం దాచుకోవడం దానికి ఇంకా చేతకాదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

పదింటికి లెటా పడవలోనే వచ్చింది. కాజ్‌వే పక్క సికమోర్ చెట్టుకు పడవ కట్టి, బూట్లు విప్పకుండా వంటింట్లోకి వచ్చింది. బూట్లు విప్పమనబోయి ఆగాను.

నిన్న వార్డెన్ పడవ ఆపాడు. హోలిస్ టర్ల్. నా దగ్గరే చదివాడు. చేతివ్రాత బాగుండేది, నిరూపణలు రావు. పెట్టె తెరిపించి, ఐదు బొమ్మలు తీసి దూదిలోంచి లాగాడు. రెండు పట్టుకున్నాయి. రెండోసారి లాగాడు, మూడోసారి లాగాడు. క్షమించమ్మా అంటూనే కాగితం రాశాడట. మార్చి మూడున కౌంటీ కోర్టు భవనంలో కమిటీ విచారణ. అప్పటిదాకా ఆ మూడు మైళ్లలో పడవ దింపకూడదు. తప్పు రుజువైతే పర్మిట్ రద్దు, మళ్లీ ఇవ్వరు.

ఏ నంబర్లు అని అడిగాను.

"ముప్పై ఒకటి. ఇంకోటి పదిహేడు."

ఖాతా తెరిచాను. 31: జనవరి 24. తీసినది 1.2, పెట్టినది 0.4, సీసం 0.8. ముల్లు: లేదు. తేలుడు: సరి. సంతకం. 17 కూడా అంతే. లెటా నా భుజం మీదుగా చూసింది.

"నువ్వు చూశావు కదా అమ్మమ్మా?"

"చూశాను."

అది అబద్ధం కాదు. ఒక్కొక్కదాన్నీ వెలుగులోకి ఎత్తి పట్టుకుని చూశాను.

లెటా కుర్చీలో కూర్చుని చాలాసేపు టోపీ తిప్పుతూ ఉంది. నిన్న పడవలో ఉన్నది గ్రిగ్స్‌బీ. ఏటా ఫిబ్రవరిలో వచ్చే రిటైర్డ్ మనిషి. ముల్లు లేని గాలం గాలమే కాదని, ఈ నియమం పెట్టినవాడు జన్మలో చేప పట్టి ఉండడని దారి పొడుగునా సణుగుతూనే ఉంటాడు. పెట్టె అతని కాళ్ల దగ్గరే ఉంది.

"నీ ఖాతాలో లేదని ఉంటే లేనట్టే. అయితే గ్రిగ్స్‌బీ మార్చాడు."

ఖాతా మూసేశాను. మొక్కజొన్న రొట్టె వేడి చేసి పెట్టాను. తినలేదు.

ఫిబ్రవరి 9

ఆ మాట లెటా అంది. నేను అనలేదు. ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఫిబ్రవరి 10

గ్రిగ్స్‌బీ మార్చి ఉండవచ్చు. అలాంటి మనిషే.

ఫిబ్రవరి 12, గురువారం

లెటా పెట్టె నా దగ్గరే వదిలి వెళ్లింది. హోలిస్ తీసుకెళ్లిన రెండు పోను ముప్పై ఎనిమిది. ఉదయం వెలుతురు బాగుండగా మందుల అరలోంచి దూది తీశాను. ఒకటో నంబరు నుంచి వరుసగా లాగాను.

తొమ్మిది పట్టుకున్నాయి.

8, 12, 14, 20, 22, 29, 33, 34, 38.

ఫిబ్రవరి 13

దూది పాతది. పోగులు లేచి ఉంది.

ఫిబ్రవరి 14

చర్చి వాళ్లు మందులతోపాటు ఎవరిదో పడవలో సరుకులు పంపారు. అందులో కొత్త దూది కట్ట ఉంది, నేను రాయించిందే. మళ్లీ లాగాను.

తొమ్మిది. అవే తొమ్మిది.

కళ్లు మూసుకుని వేలి కొనతో చూస్తే ముల్లు తెలుస్తోంది. కళ్లు తెరిచి చూస్తే గాలం నున్నగా ఉంటోంది.

ఫిబ్రవరి 15, ఆదివారం

నాలుగింటికి నోరీన్. అంతా బాగానే ఉందన్నాను. లెటా విచారణ సంగతి దానికి తెలుసు. ఆ నది పని మానేసి ఇద్దరూ నగరానికి వచ్చేయండి, ఇక్కడ మనుషులు ఉంటారు అంది. ఇక్కడా మనుషులున్నారన్నాను.

"ఎక్కడమ్మా? పదకొండు రోజులుగా నీ ఇంటికి రోడ్డే లేదు."

నీళ్లు తగ్గుతాయన్నాను. ఇంకా తగ్గలేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

గ్రిగ్స్‌బీ ఫోన్ చేశాడు. లెటా కమిటీకి పంపిన కాగితంలో తన పేరు ఉందని కమిటీ వాళ్లు ఉత్తరం రాశారట. గొంతు పెద్దది చేయలేదు. చేసి ఉంటే తేలికయ్యేది.

"నలభై ఏళ్లుగా ఈ నదికి వస్తున్నానమ్మా. సణుగుతాను, ఒప్పుకుంటాను. సణగడం నేరం కాదు."

కాదన్నాను.

"ఆ బొమ్మకు గాలాన్ని పట్టి ఉంచే రింగు ఎంతుంటుందో మీకు తెలుసు. పెసరగింజంత. దాన్ని విప్పాలంటే రెండు వేళ్లు పనిచెయ్యాలి. నా వేళ్లు ఆరేళ్ల కిందట కీళ్లవాతంతో కొంకర్లు పోయాయి. చొక్కా గుండీలు నా భార్య పెడుతుంది. ఆ పిల్ల పడవలో నా గాలం కూడా ఆ పిల్లే కట్టింది. ఇప్పుడు చెప్పండి, నేను మార్చానా?"

ఖాతా సరిగ్గానే ఉందని చెప్పాను.

"ఖాతా గురించి అడగలేదు టీచరుగారూ."

ఫోన్ పెట్టేశాను. మర్యాద కాదు.

ఫిబ్రవరి 18

చొక్కా గుండీలు.

ఫిబ్రవరి 21, శనివారం

లెటా వచ్చింది. కట్టెలు కొట్టి వరండాలో పేర్చింది. ఆ మూడు మైళ్లలో పడవ దింపకూడదు కనుక ఈ రెండు వారాలు గైడ్ల పడవలకు రంగులు వేస్తోంది. ఎవరైనా విచారణ సంగతి అడిగితే నవ్వి ఊరుకుంటుందట. రాత్రిళ్లు బాగానే నిద్రపోతున్నానంది. అబద్ధం.

భోజనం దగ్గర అది తల వంచుకుని తింటుంటే నేను ఎడమ కన్ను మూశాను. కంట్లో నలుసు పడ్డట్టు మూశాను. కుడి కంటితో దాన్ని చూశాను. చెవులున్నాయి. జుట్టుంది. భుజాలు, వెనక స్టవ్, స్టవ్ మీద కెటిల్, అన్నీ ఉన్నాయి. ముఖం ఉండవలసిన చోట బూడిదరంగు.

కన్ను తెరిచాను. ముఖం వచ్చింది.

"ఏమైంది?"

"నలుసు."

ఫిబ్రవరి 22

వరసగా రాసుకుంటే తేలుతుంది.

కన్ను సంగతి చెబితే: 31, 17 నావల్లే అని తేలుతుంది. గ్రిగ్స్‌బీ మీద నింద పోతుంది. లెటాకు ఏమవుతుందో తెలియదు. పడవలో దొరికింది కనుక గైడుదే బాధ్యత అనవచ్చు. నోరీన్ అదే రోజు వస్తుంది.

చెప్పకపోతే: లెటా గెలవవచ్చు. కమిటీలో ముగ్గురు ఉంటే ఇద్దరు నా దగ్గర చదివినవాళ్లే. టీగ్ టీచరు ఖాతాలో తప్పుండదని వాళ్లకు తెలుసు.

కాబట్టి చెప్పకపోవడమే లెటాకు మంచిది.

ఇది నిరూపణ కాదు. నా విద్యార్థి రాసి ఉంటే కొట్టేసేదాన్ని.

ఫిబ్రవరి 26, గురువారం

నీళ్లు ఇంకా కాజ్‌వే మీదే ఉన్నాయి. లెటా పడవలో వచ్చి, విచారణలో చదవబోయే కాగితం చూపించింది. టైపు చేయించింది. నా ఖాతా నకలు దానికి జత చేసింది. ప్రతి పేజీ కింద నేను సంతకం చెయ్యాలి. వదిలి వెళ్లు, చదివి చేస్తానన్నాను. చదవకుండా సంతకం చేయకూడదని దానికి నేర్పింది నేనే, అందుకు ఏమీ అనుకోలేదు.

భూతద్దంతో, ఎడమ కంటితో, గంటన్నర పట్టింది. అందులో ఒక వాక్యం: 'మా అమ్మమ్మ జీవితంలో ఒక్క అంకె తప్పుగా రాయలేదు.'

నాలుగు పేజీలు. నాలుగింటి కిందా సంతకం చేశాను.

ఫిబ్రవరి 27

చేశాను.

మార్చి 3, మంగళవారం

సోమవారం పొద్దున్న గేట్లు రెండు దించారు. కాజ్‌వే బయటపడింది, బురదతో. లెటా తన ట్రక్కులో నన్ను తీసుకెళ్లింది. నా కారుకు బురద మంచిది కాదన్నాను.

కోర్టు భవనం పై అంతస్తు. బల్ల వెనక ముగ్గురు. హోలిస్ యూనిఫాంలో గోడ పక్కన నిలబడి, నన్ను చూడగానే టోపీ తీశాడు. గ్రిగ్స్‌బీ రెండో వరుసలో కూర్చున్నాడు. పక్కన భార్య. అతని చేతులు ఒడిలో ఉన్నాయి, వేళ్లు లోపలికి మడతపడి. వాటిని నేను చూశాను. ఆ మేరకు నా కన్ను పనిచేస్తుంది.

లెటా కాగితం చదివింది. తడబడకుండా చదివింది. గ్రిగ్స్‌బీ పేరు దగ్గర మాత్రం గొంతు తగ్గింది. అతను తల ఎత్తలేదు. భార్య అతని మోచేతి మీద చెయ్యి వేసింది.

అధ్యక్షుడు ఎల్డన్ ఫ్రై. ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీ. నన్ను లేవమనలేదు, కూర్చునే చెప్పమన్నాడు.

"టీచరుగారూ, ఈ ఖాతా మీరు రాసిందేనా?"

"నేను రాసిందే."

"ఇందులో ఉన్నది నిజమని ధ్రువీకరిస్తున్నారా?"

నేను లేచి నిలబడ్డాను. ఖాతా తప్పు, దాన్ని లెక్కలోంచి తీసేయండి అన్నాను. నకళ్లు కూడా తీసేయమన్నాను. గ్రిగ్స్‌బీగారు ఏ గాలమూ మార్చలేదని చెప్పాను.

ఎల్డన్ పెన్ను కింద పెట్టాడు. తప్పు ఎలా వచ్చిందని అడిగాడు.

అప్పుడు చెప్పవలసింది. నోరు తెరిచాను కూడా.

"ఎక్కించడంలో పొరపాటు" అన్నాను.

అది అన్నాక కూర్చున్నాను. లెటా నా వైపు తిరిగింది. ఎడమ కంటితో చూశాను కనుక ముఖం కనిపించింది. కనిపించకపోతే బాగుండేది.

తిరిగి వచ్చేటప్పుడు ట్రక్కులో పద్దెనిమిది మైళ్లు. ఇంటి ముందు ఆపింది. ఇంజను ఆపలేదు.

"పర్మిట్ పోతే పోనీ. ఆ ముసలాయన ముందు నన్ను అబద్ధాలకోరును చేశావు. నీకు ముందే తెలుసు కదా?"

తెలుసన్నాను.

"ఎప్పటినుంచి?"

పన్నెండో తేదీ నుంచి అన్నాను. ఫిబ్రవరి.

తలుపు తెరిచి నన్ను చెయ్యి పట్టుకుని దింపింది. మెట్లదాకా నడిపించింది. తర్వాత వెళ్లిపోయింది.

మార్చి 5

లెటా ఫోన్ చేయలేదు.

మార్చి 8, ఆదివారం

నోరీన్ నాలుగింటికి. లెటాకూ నాకూ ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను. రోడ్డు తెరుచుకుంది కదా, వచ్చే వారం ఓసారి వస్తానంది. వర్షం సూచన ఉందని చెప్పాను. లేదు.

రోడ్డు తెరుచుకున్నా నేను ఎక్కడికీ వెళ్లలేదు. మలుపు దగ్గర తెల్ల గీత కనిపించడం లేదు.

మార్చి 9

గ్రిగ్స్‌బీకి ఉత్తరం రాశాను. క్షమాపణ. ఐదు వాక్యాలు. మూడుసార్లు తిరగరాశాను. వాక్యాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

మార్చి 12, గురువారం

కమిటీ తీర్పు. నకలు నాకూ పంపారు. ఎడమ కంటితో రెండు గంటలు.

పర్మిట్ రద్దు. లోపం ఎవరి వల్ల జరిగిందో నిర్ధారణ కాలేదు కనుక, గైడు అజాగ్రత్తగానే పరిగణిస్తున్నారు. కొత్త ఆధారం ఏదైనా ఉంటే పదిహేను రోజుల్లో పంపవచ్చు. గైడు ఎవరి పనినైనా న్యాయమైన కారణంతో నమ్మి మోసపోయినట్టు తేలితే, రద్దుకు బదులు కొంతకాలం నిలిపివేత ఉంటుంది.

పదిహేను రోజులు. తీర్పు తేదీ మార్చి తొమ్మిది. అంటే ఇరవై నాలుగు వరకు. ఇంకా పన్నెండు.

మార్చి 13

పదకొండు.

మార్చి 14

పది. ఎడమ కంట్లో కూడా ఈరోజు కిటికీ చట్రం కొంచెం

ఇల్లు దిగడం లేదు.

మార్చి 15, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. పదకొండింటికి లెటాకు నేనే ఫోన్ చేశాను. రమ్మన్నాను. ఎందుకని అడగలేదు. ఒంటిగంటకు వచ్చింది. ఈసారి బూట్లు గుమ్మం దగ్గర విప్పింది, పరాయివాళ్ల ఇంట్లోలాగా.

కమిటీ తీర్పు బల్ల మీద పెట్టాను. తన నకలు చదివానంది.

"నిర్ధారణ కాలేదని రాశారు. అది తప్పు. నిర్ధారణ అయింది. నలభైలో పదకొండు నేనే పాడుచేశాను. వాళ్లకు రాసి పంపాలి."

"రాయి మరి."

పెన్ను నా ముందుకు జరిపింది. కాగితం కూడా. గీతలున్న కాగితం. నేను పెన్ను తీసుకోలేదు. లెటా చేతులు కట్టుకుని చూస్తోంది. ముప్పై నాలుగేళ్లు, జవాబు తెలిసీ చెప్పని పిల్లల ఎదుట నేనూ అలాగే చేతులు కట్టుకుని నిలబడేదాన్ని.

"నాకు కనిపించడం లేదు."

అంతే అన్నాను. డిసెంబరు నుంచో, అంతకు ముందునుంచో, నాకు తెలియదు. ఆ మాట కూడా చెప్పాను. కుడి కన్ను మధ్యలో ఏమీ లేదని, ఇప్పుడు ఎడమది మొదలైందని, ఆ శనివారం నలుసు కాదని చెప్పాను. పోస్టు డబ్బా ఎప్పుడూ ఉన్నచోటే ఉందని కూడా చెప్పాను. అది ఎవరూ అడగలేదు.

లెటా ఏడవలేదు. కోపం కూడా పోలేదు. దవడ ఇంకా బిగుసుకునే ఉంది. కుర్చీ నా పక్కకు లాక్కుంది.

"దూదితో చూసి ఉంటే కళ్లతో పనే లేదు అమ్మమ్మా. గుడ్డివాళ్లు కూడా చెయ్యొచ్చు ఆ పని."

తెలుసన్నాను. దూది వాడితే ఎందుకు వాడుతున్నానో నాకే చెప్పుకోవలసి వచ్చేదన్నాను.

కాసేపటికి పెన్ను తనే తీసుకుంది.

"చెప్పు."

చెప్పాను. నా పేరు, వయసు డెబ్బై తొమ్మిది, వృత్తి. గాలాలు అమర్చిన తేదీలు. పట్టుకున్న పదకొండు నంబర్లు. ఫిబ్రవరి పన్నెండు నుంచి తెలిసీ దాచినట్టు. నా మనవరాలు ఈ పనిలో పద్నాలుగేళ్లుగా నన్ను నమ్మినట్టు, నమ్మడానికి దానికి కారణం ఉన్నట్టు. అక్కడ లెటా రాయడం ఆపింది.

"ఇది తీసేద్దామా?"

"ఎందుకు? నిజం కాదా?"

అలాగే రాసింది. చివర్లో డాక్టరు పత్రం జత చేస్తున్నామని రాయమన్నాను. పత్రం ఇంకా లేదు కదా అంది. గురువారానికి ఉంటుందన్నాను.

నాలుగింటికి ఫోన్ మోగింది. నోరీన్. లెటా నా వైపు చూసింది. నేనే తీశాను.

మార్చి 19, గురువారం

కళ్ల డాక్టరు, పదకొండింటికి. లెటా నడిపింది. కుడి కంటికి చేయగలిగింది లేదు. ఎడమ కంటికి నెలకో సూది వేసి, ఉన్నంత నిలబెట్టి చూస్తారు. ప్రయత్నం, హామీ కాదు, అన్నాడు. సూదులు వేసేది నగరంలోనే. పత్రం మీద ముద్ర వేయించుకుని అక్కడినుంచే పోస్టు చేశాం.

కారు ఇక నడపకూడదని పత్రంలోనే రాశాడు. నేను అడగలేదు.

మార్చి 21

గ్రిగ్స్‌బీ దగ్గరనుంచి కార్డు వచ్చింది. లెటా చదివి పెట్టింది. భార్య చేతివ్రాత. క్షమాపణ అందిందని, వచ్చే ఫిబ్రవరికి ఇప్పుడే పేరు రాసుకోమని, పడవ ఉంటే లెటా పడవలోనే అని. చివర్లో, ముల్లు లేని గాలం ఇప్పటికీ గాలం కాదని.

రెండోసారి చదవమని నేను అడిగితే లెటా మళ్లీ చదివింది.

ఏప్రిల్ 9, గురువారం

జవాబు వచ్చింది. రద్దు తీసేశారు. సెప్టెంబరు ముప్పై దాకా నిలిపివేత. అక్టోబరు ఒకటి నుంచి పర్మిట్ మళ్లీ లెటాదే. గాలాలను ఇకపై గైడే స్వయంగా పరీక్షించాలి. లెటా చదువుతూ చదువుతూ కిటికీ వైపు తిరిగింది. ముఖం చూపించకుండా ఉండడానికి. నాకు ఎలాగూ సరిగా కనిపించదని మరిచిపోయింది.

సాయంత్రం నోరీన్‌కు ఫోన్ చేశాను, ఆదివారం కాకపోయినా. నగరానికి ఎప్పుడు రమ్మంటావని నేనే అడిగాను. అది లోపల ఎక్కడో తలుపు వేసుకుని వచ్చి, ముక్కు చీది, కింది గది కొలతలు చెప్పడం మొదలుపెట్టింది.

రాసుకున్నాను. పది అడుగులు, పన్నెండు.